ట్యాబ్‌ను తుడిచే ముందు సంఘం లెక్కను భద్రపరచండి

(పాల సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యులు, పాడి రైతుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన విషయం చూడటానికి చిన్నది. పాల సేకరణ కేంద్రంలో బల్లమీద ఉండే ట్యాబ్ మొరాయించినప్పుడు, అందులోని సమాచారమంతా తుడిచివేసి, కర్మాగారం నుంచి వచ్చిన నాటి స్థితికి తీసుకురావడం ఎలా అన్నది. దీనినే ఫ్యాక్టరీ రీసెట్ అంటారు. రీసెట్ అన్న మాట మన వాడుకలో స్థిరపడింది కనుక నేనూ అదే వాడతాను.

విషయం చిన్నదే గాని దాని వెనుక ఉన్నది డబ్బు. ఒక సంఘంలో 120 మంది పాలు పోస్తున్నారనుకుందాం. రోజుకు రెండు పూటలు. పక్షానికి 15 రోజులు. అంటే ఒక బిల్లు కాలానికి 3,600 నమోదులు. ప్రతి నమోదులోనూ సభ్యుని సంఖ్య, పాల పరిమాణం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర ఉంటాయి. పూర్వం ఇవన్నీ పెద్ద రిజిస్టరులో సిరాతో ఉండేవి. నేడు ఈ లెక్క చాలా కేంద్రాలలో ట్యాబ్‌లో ఉంటోంది. రిజిస్టరును చింపాలంటే ఎవరైనా నలుగురిని అడుగుతారు. ట్యాబ్‌ను తుడవడానికి మాత్రం ఒక వేలు చాలు. ఇక్కడే జాగ్రత్త కావాలి.

రీసెట్ అంటే ఏమి జరుగుతుంది?

క్యాను కడగడం మీ అందరికీ తెలిసిన పని. ముందు పాలు వేరే పాత్రలోకి ఒంపుకుంటాం, ఆ తరువాతే కడుగుతాం. పాలు ఉండగానే క్యాను కడిగేవారు లేరు. రీసెట్ కూడా క్యాను కడగడం వంటిదే. ట్యాబ్ లోపల మనం చేర్చిన అప్లికేషన్లు, ఫోటోలు, ఫోను నంబర్లు, వై-ఫై పాస్‌వర్డులు, పాల లెక్క, అన్నీ పోతాయి. మిగిలేది కంపెనీ పెట్టి ఇచ్చిన వ్యవస్థ మాత్రమే. మధ్యలో ఆండ్రాయిడ్‌ను కొత్త రకానికి మార్చుకొని ఉంటే, అది సాధారణంగా వెనక్కు పోదు, అలాగే ఉంటుంది.

"పోయినదాన్ని మొబైల్ షాపులో తిరిగి తీయించవచ్చు గదా?" అని కొందరు అడుగుతారు. ఆ ఆశ పెట్టుకోవద్దు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, ఆ వ్యవస్థతో కొత్తగా విడుదలయ్యే ట్యాబులన్నిటిలోనూ సమాచారం రహస్య లిపిలో నిలవ ఉంటుంది. రీసెట్ చేసినప్పుడు ఆ లిపిని విప్పే తాళంచెవి నాశనమవుతుంది. చెవి పోయాక ఇనప్పెట్టె ఉన్నా లేనట్టే. అమ్మేటప్పుడు ఇది మనకు మేలు, లెక్క దాచుకోకుండా తుడిచినప్పుడు మనకు కీడు.

అసలు రీసెట్ అవసరమా?

గేదె ఒక పూట పాలు ఎగవేస్తే వెంటనే సంతకు తోలుకుపోము. మేత చూస్తాం, నీళ్ళు చూస్తాం, ఒంటిని తడిమి చూస్తాం. ట్యాబ్ విషయంలోనూ రీసెట్ చిట్టచివరి మందు. అంతకుముందు ఈ పరీక్షలు చేయండి.

మొదటిది, ట్యాబ్‌ను పూర్తిగా ఆపి మళ్ళీ వెలిగించండి. తెర బిగుసుకుపోతే పవర్ మీటను సుమారు అర నిమిషం వరకు గట్టిగా నొక్కి ఉంచండి. చాలా ట్యాబులు దానంతట అవే ఆగి మళ్ళీ మొదలవుతాయి.

రెండవది, తేదీ, సమయం చూడండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన తరువాత కొన్నిసార్లు తేదీ తప్పుతుంది. తేదీ తప్పితే అప్లికేషన్ కార్యాలయం కంప్యూటరుతో కలవదు. చూసేవారికి ట్యాబ్ చెడినట్టే తోస్తుంది. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా తీసుకొనేటట్లు పెడితే ఆ బాధ తీరుతుంది.

మూడవది, నిలవ స్థలం. ట్యాబ్‌లో సినిమాలు, పెళ్ళి వీడియోలు నిండిపోతే అది నత్త నడక నడుస్తుంది. వాటిని తీసివేయండి. సంఘం ట్యాబ్‌లో అవి ఉండనే కూడదు.

నాల్గవది, తీగలు, చార్జరు, ప్రింటరు. పాల పరీక్ష యంత్రం నుంచి అంకెలు రాకపోవడానికి కారణం వదులైన తీగ కావచ్చు, బ్లూటూత్ జత తప్పడం కావచ్చు. ఉబ్బిన బ్యాటరీని, పగిలిన తెరను, వదులైన చార్జింగ్ రంధ్రాన్ని ఏ రీసెట్టూ బాగు చేయదు. బ్యాటరీ ఉబ్బిన ట్యాబ్‌ను చార్జింగ్ పెట్టకుండా వెంటనే పక్కన పెట్టండి.

ఐదవది, కొత్తగా చేర్చిన అప్లికేషన్ వల్ల తంటా వచ్చిందా అన్నది. సేఫ్ మోడ్ అనే పద్ధతిలో ట్యాబ్‌ను మొదలుపెడితే, మనం చేర్చిన అప్లికేషన్లు పనిచేయకుండా కంపెనీవి మాత్రమే నడుస్తాయి. అప్పుడు ట్యాబ్ చక్కగా నడిస్తే దోషం ఆ చేర్చినవాటిలో ఒకదానిది. దానిని ఒక్కదాన్ని తీసివేస్తే సరి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అప్లికేషన్ వివరాలలో స్టోరేజ్ అన్న చోట రెండు మీటలు ఉంటాయి. ఒకటి క్లియర్ క్యాషే. దానివల్ల తాత్కాలికంగా దాచుకున్న చెత్త మాత్రమే పోతుంది. రెండవది క్లియర్ డేటా, లేక క్లియర్ స్టోరేజ్. అది ఆ అప్లికేషన్ మటుకు రీసెట్ చేసినట్టే. కార్యాలయానికి చేరని పాల లెక్క ఉంటే దానితో పోతుంది. అప్లికేషన్‌ను తొలగించి మళ్ళీ వేసుకోవడం కూడా అంత పనీ చేస్తుంది. కనుక లెక్క చేరిందని రుజువయ్యే వరకు రెండవ మీట జోలికి పోవద్దు.

ఎవరు చేయాలి? ఎప్పుడు చేయాలి?

ట్యాబ్ సంఘం ఆస్తి. దానిలోని లెక్క సభ్యులందరిదీ. కనుక రీసెట్ ఏ ఒక్కరి ఇష్టంతోనూ జరగరాదు. కార్యదర్శి, పాలకవర్గంలో ఒకరు కలిసి నిర్ణయించి, యూనియన్ కార్యాలయానికి ముందుగా ఫోను చేయాలి. కొన్ని చోట్ల ట్యాబులను కార్యాలయమే దూరం నుంచి అదుపు చేస్తుంది. అటువంటి ట్యాబ్‌ను మనంతట మనం తుడిస్తే, మళ్ళీ వారు వచ్చి అమర్చేవరకు అది పనికిరాకపోవచ్చు.

సమయం కూడా ముఖ్యం. ఉదయం సేకరణ ముగిసి, పాలు పంపి, లెక్క సరిచూసుకున్న తరువాత మొదలుపెట్టండి. సాయంత్రం పాలకు గంట ముందు మొదలుపెడితే వరుసలో నిలబడ్డవారికి ఇబ్బంది, మనకు కంగారు. పక్షం బిల్లు పూర్తయి, డబ్బు సభ్యుల ఖాతాలలో పడిన మరునాడైతే ఇంకా మంచిది. రీసెట్‌కే గంట వరకు పట్టవచ్చు. ఆ తరువాత అమర్చుకోవడానికి మరికొంత కాలం కావాలి. ఈలోగా సాయంత్రం పూట వచ్చేస్తే వాడుకోవడానికి చేతి రిజిస్టరు, లాక్టోమీటరు, గెర్బర్ పరీక్ష సామగ్రి సిద్ధంగా ఉంచండి. 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ అన్న కొలతలు మన పాత టెస్టర్లకు కంఠతా వచ్చు. కొత్తవారికి కూడా ఆ విద్య నేర్పి ఉంచండి.

తుడిచే ముందు చేయవలసినవి

1. చేరని లెక్కను చేర్చండి. ఇంటర్నెట్ అందని పూట తూచిన పాల లెక్క ట్యాబ్ లోపలే నిలిచిపోయి ఉండవచ్చు. అప్లికేషన్‌లో సింక్ లేక పెండింగ్ అన్న చోట మిగిలినవి ఎన్ని ఉన్నాయో చూడండి. సిగ్నల్ బాగా ఉన్న చోటికి తీసుకుపోయి అది సున్నా అయ్యేదాకా పంపండి.

2. పంపామని నమ్మి ఊరుకోవద్దు. ఈ బిల్లు కాలంలోని పూటవారీ మొత్తాలను కాగితంమీద రాసుకోండి. ఏ తేదీ, ఏ పూట, ఎందరు సభ్యులు, ఎన్ని లీటర్లు అని. కార్యాలయానికి ఫోను చేసి, వారి కంప్యూటరులో కనిపిస్తున్న అంకెలు చదవమనండి. రెండూ ఒక్కటైతేనే ముందుకు సాగండి. ఒక్క పూట తేడా వచ్చినా ఆగండి.

3. కాగితపు ప్రతి తీయండి. సభ్యుల జాబితా, బ్యాంకు ఖాతాల జాబితా, దాణా బాకీలు, అప్పు కోతలు, ప్రస్తుత ధరల పట్టిక, ఈ పక్షంలో సభ్యునివారీ నమోదులు, అన్నీ ముద్రించి ఫైలులో పెట్టండి. ప్రింటరు లేకపోతే ఆ ఫైళ్ళను పెన్ డ్రైవులోకి ఎక్కించి, వేరే కంప్యూటరులో తెరిచి చూడండి. తెరుచుకోని నకలు నకలు కాదు.

4. గూగుల్ ఖాతా పేరు, పాస్‌వర్డు రాసుకోండి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. దొంగతనాన్ని అరికట్టడానికి 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఒక రక్షణ ఏర్పాటు వచ్చింది. తుడిచిన ట్యాబ్, ముఖ్యంగా పక్క మీటలు నొక్కి తుడిచిన ట్యాబ్, అంతకుముందు అందులో ఉన్న గూగుల్ ఖాతానే అడుగుతుంది. చెప్పలేకపోతే లోపలికి రానివ్వదు. ఐప్యాడ్‌లకు ఇటువంటి తాళం 2013 నుంచే ఉంది. ఆ ఖాతా పూర్వపు కార్యదర్శిదో, ఆయన కుమారునిదో అయితే సంఘం ట్యాబ్‌కు తాళం మరొకరి జేబులో ఉన్నట్టు. పాస్‌వర్డును ఇటీవలే మార్చుకొని ఉంటే ఒక రోజు ఆగి రీసెట్ చేయండి.

5. అప్లికేషన్‌లో ప్రవేశించే సంఘం సంఖ్య, యూజరు పేరు, పాస్‌వర్డు తెలుసుకోండి. ఓ.టి.పి. ఏ ఫోను నంబరుకు వస్తుందో, ఆ ఫోను గల మనిషి ఆ రోజు ఊళ్ళో ఉంటారో లేదో కూడా కనుక్కోండి.

6. సిమ్ కార్డును, మెమరీ కార్డును బయటికి తీయండి. సాధారణంగా మెమరీ కార్డులోనిది రీసెట్‌తో పోదు. అయితే ఆ కార్డును ట్యాబ్ సొంత నిలవలో భాగంగా కలుపుకొని ఉంటే, దాని తాళంచెవి ట్యాబ్‌లోనే ఉంటుంది గనుక రీసెట్ తరువాత ఆ కార్డును చదవడం సాధ్యపడదు. అటువంటప్పుడు కార్డులోనివి ముందే వేరే చోటికి ఎక్కించాలి.

7. బ్యాటరీ కనీసం 70 శాతం ఉండాలి. చార్జరు కూడా పెట్టి ఉంచండి. మన పల్లెలలో కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు.

తుడిచే పద్ధతి

ఇన్ని చేసిన తరువాత అసలు పని సులువు. సెట్టింగ్స్ తెరవండి. అందులో సిస్టమ్, దానిలో రీసెట్ ఆప్షన్స్, దానిలో ఎరేజ్ ఆల్ డేటా. శామ్‌సంగ్ ట్యాబులలో జనరల్ మేనేజ్‌మెంట్, రీసెట్, ఫ్యాక్టరీ డేటా రీసెట్ అన్న వరుసలో ఉంటుంది. మిగిలిన కంపెనీలలో మాటలు కొద్దిగా మారవచ్చు. దొరకకపోతే సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట రీసెట్ అని రాస్తే చూపుతుంది. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, జనరల్, ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐప్యాడ్, ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్.

అదే జాబితాలో వై-ఫై, బ్లూటూత్‌లను మాత్రమే సరిచేసే రీసెట్ ఒకటి ఉంటుంది. మీ చిక్కు యంత్రంతో జత కుదరకపోవడం ఒక్కటే అయితే ముందుగా దానిని వాడి చూడండి. దానివల్ల పాల లెక్క పోదు. వై-ఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు మాత్రం మళ్ళీ పెట్టుకోవాలి.

తుడవమన్న తరువాత ట్యాబ్ మన తాళపు అంకెలు అడుగుతుంది. ఆపైన ఒకసారి ఖాయమా అని అడుగుతుంది. అక్కడ ఆగి, ఇందాకటి ఏడు అంశాలు పక్కనున్నవారితో చదివించుకోండి. తరువాతనే నొక్కండి. పని నడుస్తుండగా మీటలు నొక్కడం, చార్జరు తీయడం చేయకండి.

తాళపు అంకెలు మరిచిపోయినప్పుడు పవర్ మీట, శబ్దం పెంచే మీట కలిపి నొక్కి, లోపలి జాబితాలో తుడిచే మార్గం ఒకటి ఉంది. అది దిక్కులేనప్పుడు పట్టే దారి. ఆ దారిన పోతే లెక్క ఎలాగూ దక్కదు, గూగుల్ ఖాతా అడగటమూ తప్పదు. పొరపాటున ఆ జాబితా తెరమీదకు వస్తే కంగారుపడి ఏదో ఒకటి నొక్కకండి. రీబూట్ సిస్టమ్ నౌ అన్నదాన్ని ఎంచుకుంటే ట్యాబ్ మామూలుగా మొదలవుతుంది.

తుడిచిన తరువాత

ట్యాబ్ కొత్త పెళ్ళికూతురిలా తెరుచుకుంటుంది. దానికి మన ఇంటి సంగతులేవీ తెలియవు. అన్నీ నేర్పాలి. వై-ఫై కలపండి, సంఘం గూగుల్ ఖాతాతో ప్రవేశించండి, తేదీ సరిచూడండి. పాల లెక్క అప్లికేషన్‌ను కార్యాలయం చెప్పిన చోటునుంచే తీసుకోండి. వాట్సప్‌లో ఎవరో పంపిన ఫైలును వేసుకోవద్దు. సంఘం బ్యాంకు అప్లికేషన్లు వాడుతుంటే వాటిని కూడా మళ్ళీ నమోదు చేయవలసి ఉంటుంది.

యంత్రంతో, ప్రింటరుతో బ్లూటూత్ జత చేసేటప్పుడు పాత ఆండ్రాయిడ్‌లలో లొకేషన్ అనుమతి, ఆండ్రాయిడ్ 12 నుంచి నియర్‌బై డివైసెస్ అనుమతి అడుగుతుంది. దేనికోసమో అని అనుమానించి వద్దంటే యంత్రం కనిపించదు. ఆ అనుమతి ఇవ్వండి.

సేకరణ మొదలయ్యే ముందు నాలుగు పరీక్షలు. సభ్యుల జాబితాలో పదిమంది సంఖ్యలు, పేర్లు కాగితంతో పోల్చండి. కొత్తగా చేరినవారు ఉన్నారో లేదో తప్పక చూడండి. ధరల పట్టికలో తక్కువ, మధ్య, ఎక్కువ వెన్న శాతాల వద్ద ధర చూడండి. పాత పట్టిక వచ్చి కూర్చుంటే ప్రతి లీటరులోనూ రైతు గాని సంఘం గాని నష్టపోతుంది. తెలిసిన బరువును కాటామీద పెట్టి ట్యాబ్‌లో అదే అంకె పడుతుందా చూడండి. ఒకే పాల నమూనాను రెండుసార్లు పెట్టి, యంత్రంమీది అంకె, ట్యాబ్‌లోని అంకె, చీటీలోని అంకె మూడూ ఒకటేనా చూడండి. మొదటి పూట మాత్రం ట్యాబ్‌తోపాటు చేతి రిజిస్టరులో కూడా రాయండి.

ట్యాబ్‌ను మార్చేటప్పుడు

పాత ట్యాబ్‌ను అమ్మినా, బడికి ఇచ్చినా, మరమ్మతుకు పంపినా అందులో మన సభ్యుల బ్యాంకు ఖాతాలు, ఫోను నంబర్లు, కొన్నిచోట్ల ఆధార్ సంఖ్యలు ఉంటాయి. ఇవి పరుల చేతిలో పడరాదు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. చట్టం సంగతి అటుంచినా, మనల్ని నమ్మి వివరాలిచ్చిన పొరుగింటివారి పట్ల మనకున్న బాధ్యత ఇది. గేదెను అమ్మేటప్పుడు మన పలుపు విప్పుకొని, కొన్నవారి పలుపు కట్టి పంపుతాం. అలాగే ముందు గూగుల్ ఖాతాను సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ నుంచి తొలగించి, తరువాత రీసెట్ చేసి, సిమ్, కార్డు తీసుకొని అప్పుడు ఇవ్వండి. మన ఖాతా విప్పకుండా ఇస్తే కొన్నవారికి అది పనికిరాని పలక.

ఫోనులో ఎవరైనా "కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాం, ట్యాబ్ బాగు చేస్తాం, ఓ.టి.పి. చెప్పండి, తెర మాకు కనిపించేలా పెట్టండి" అంటే చెప్పవద్దు. ఫోను పెట్టివేసి, మీకు తెలిసిన నంబరుకు మీరే చేసి కనుక్కోండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయండి.

సభ్యులకు ఒక మాట

కార్యదర్శులకు చెప్పినదంతా విని, ఇది మాకెందుకని పాలు పోసే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అనుకోవద్దు. మీ పాస్ పుస్తకం, మీకిచ్చే చీటీ, ఇవి రెండూ మీ చేతిలో ఉన్న నకలు. చీటీని పారేయకండి, బిల్లు వచ్చేదాకా దాచండి. పాస్ పుస్తకంలో ప్రతి పూటా రాయించుకోండి. ట్యాబ్‌లోని లెక్క ఏ కారణం చేతనైనా పోతే, న్యాయంగా తిరిగి కట్టడానికి ఆధారం ఆ చీటీలే. మన సహకార సంఘాలలో సభ్యుని ఎదుటనే పాలు తూచడం, పరీక్షించడం నమ్మకానికి పునాది. లెక్క భద్రంగా ఉంచడం కూడా అందులో భాగమే. రీసెట్ జరగబోతున్నదని సంఘం నోటీసు బోర్డుమీద ఒక రోజు ముందు రాయమని అడిగే హక్కు మీకుంది.

చివరగా, వచ్చే పాలకవర్గ సమావేశంలో నాలుగు తీర్మానాలు రాసుకోమని కోరుతున్నాను. ట్యాబ్‌లోని గూగుల్ ఖాతా సంఘం పేరుమీదనే ఉండాలి. పాస్‌వర్డులు సీలు వేసిన కవరులో సంఘం బీరువాలో ఉండాలి, కార్యదర్శి మారినప్పుడు పాస్‌వర్డు కూడా మారాలి. వారానికొకసారి లెక్క నకలు తీయాలి. ఇద్దరి సమక్షంలో తప్ప, మినిట్సు పుస్తకంలో రాయకుండా రీసెట్ చేయరాదు. ఈ నాలుగింటికీ సంఘానికి అయ్యే ఖర్చు ఒక కవరు, కొన్ని కాగితాలు.

మీ సందేహాలను ఇప్పుడు అడగవచ్చు. మీ సంఘం ట్యాబ్‌ను వెంట తెచ్చినవారు దాని ఖాతా ఎవరి పేరుమీద ఉన్నదో ముందుగా ఇక్కడే చూసుకుందాం రండి.